షెడ్డు లోపలి పని మన చేతులతోనే



ఒకప్పుడు మన గ్రామములలో ఇంటి ప్రక్కన పశువుల కొట్టము ఉండెడిది. ఇప్పుడు అనేక ఇండ్లలో ఆ స్థలములోనే గోడలు లేచి, పైన రేకులో స్లాబో పడి, ముందు ఒక షట్టరు అమరినది. కొందరు దానిని గ్యారేజీ అనుచున్నారు గాని ఎక్కువమంది షెడ్డు అనియే పిలుచుచున్నారు. ఒక ఇంట అందులో మోటారు సైకిలు, మరియొక ఇంట ఆటో లేక ట్రాక్టరు, పిల్లలు పట్టణములో ఉద్యోగము చేయుచున్న ఇంట కారు నిలుచుచున్నవి.

ఇల్లు కట్టునప్పుడు చేతిలోని సొమ్ము వంటగది, పడకగది దగ్గరే అయిపోవును. షెడ్డు వంతు వచ్చేసరికి గోడలు లేపి, పైకప్పు వేసి, "లోపలి పని తరువాత చూచుకొందము" అని విడిచిపెట్టుట సాధారణము. ఆ "తరువాత" ఏండ్లు గడచినను రాదు. సంఘ కుటుంబములను దర్శించుటకు వెళ్లినప్పుడు మేము ఇట్టి షెడ్లను అనేకము చూచితిమి. గోడల ఇటుకలు బయటికి కనబడుచుండును. నేల మట్టిగానే ఉండును. ఒక మూల ఎరువు బస్తాలు, ఒక మూల పురుగుల మందు డబ్బాలు, మేకుకు వ్రేలాడుచున్న కరెంటు తీగ, దాని క్రిందనే ఆడుకొనుచున్న పిల్లలు.

అందుచేత ఈ నెల ఈ పనిని గూర్చి వ్రాయుచున్నాము. షెడ్డు లోపలి పని అందము కొరకు మాత్రమే కాదు. ఆ గదిలోని గాలి, కరెంటు, మందు మన పిల్లలకు హాని చేయునా, చేయదా అనునది ఈ పనిని బట్టియే యుండును. ఇందులో చాలా భాగమును ఇంటిల్లిపాది కలిసి చేసికొనగలము. అయితే వరుస తప్పకూడదు. పై పని ముందు, క్రింది పని తరువాత. తీగలు ముందు, ప్లాస్టరింగు తరువాత. నేల అన్నిటికంటె చివర.

తడి సంగతి

మొదట ఒక వానాకాలము గోడలను గమనించవలెను. పైనుండి నీరు కారుచున్నదా? క్రిందనుండి తడి ఎక్కుచున్నదా? గోడ అడుగున తెల్లని ఉప్పు పొంగుచున్నదా? తడి గోడ మీద ఎంత మంచి ప్లాస్టరింగు చేసినను అది రాలిపోవును. బయటి నేల లోపలి నేలకంటె పల్లముగా ఉండవలెను. చూరు నీరు గోడ ప్రక్కన నిలువకుండ చిన్న కాలువ తీయవలెను. ఈ పనికి పార చాలును, ఖర్చు లేదు.

పైన సిమెంటు రేకులు ఉన్నవారు ఒక జాగ్రత్త తీసికొనవలెను. పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ నార కలిసియుండును. వాటిని లోపలినుండి గీకుట, రంపముతో కోయుట, పొడిగా రంధ్రములు చేయుట మంచిది కాదు. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి, అనేక సంవత్సరముల తరువాత ప్రాణాంతకమైన జబ్బులు కలిగించగలదు. రేకును కదల్చక, పగిలినచోట మాత్రము పైనుండి మూయించుట మేలు.

తీగలు, గాలి

కరెంటు పని మనము చేయు పని కాదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేతనే చేయించవలెను. అయితే గోడలో పైపులు దిగవలసిన గాడులను మనమే ఉలితో కొట్టియుంచినయెడల అతని కూలి తగ్గును. అతనిని మూడు సంగతులు అడుగుడి. ఎర్తింగు తప్పక ఉండవలెను. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించవలెను. కరెంటు మనిషి దేహము గుండా నేలకు పారిన క్షణములోనే అది సరఫరాను ఆపివేయును. ప్లగ్గులు నేలకు దగ్గరగా కాక, నాలుగు అడుగుల ఎత్తున ఉండవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గనుక నేలమీదనే పరచుకొనును. అక్కడ ఒక నిప్పురవ్వ చాలును.

గాలి కొరకు ఎదురెదురు గోడలలో జాలీలు పెట్టవలెను, కొన్ని నేలకు దగ్గరగా, కొన్ని కప్పుకు దగ్గరగా. పాము, ఎలుక దూరకుండ వాటికి ఇనుప వల బిగించవలెను. ప్లాస్టరింగు అయిన తరువాత గోడ పగులగొట్టుట రెండింతల పని గనుక దీనిని ఇప్పుడే ముగించుడి.

జాలీలు ఉన్నవి గదా అని మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తమును పట్టుకొనుటలో ప్రాణవాయువుకంటె రెండు వందల రెట్లకు పైగా బలమైనది. తలనొప్పి, కళ్లు తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట దాని గుర్తులు. ఆ గుర్తులు తెలియునప్పటికే మనిషి లేచి బయటికి రాలేని స్థితిలో ఉండవచ్చును. కాబట్టి మోటారు సైకిలును బయటికి నెట్టిన తరువాతనే స్టార్టు చేయవలెను. కరెంటు పోయిన రాత్రి జనరేటరును షెడ్డులో పెట్టి తలుపు మూయుట ఎన్నడును చేయరాదు.

గోడల ప్లాస్టరింగు

ఒక లెక్క చూతము. పది అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గల షెడ్డు అనుకొనుడి. ముందువైపు షట్టరు పోగా మూడు గోడలు 420 చదరపు అడుగులు. ఒక పాలు సిమెంటుకు ఐదు పాళ్లు ఇసుక కలిపి, అర అంగుళము మందమున పూసినయెడల సుమారు నాలుగు బస్తాల సిమెంటు, 25 ఘనపుటడుగుల ఇసుక పట్టును. మూడు నెలలు దాటిన సిమెంటు బలము తగ్గును గనుక బస్తా మీది తేదీ చూచి కొనుడి.

ఇసుకను ఇంటిలోనే పరీక్షించవచ్చును. గాజు సీసాలో సగము ఇసుక, పైన నీరు, చిటికెడు ఉప్పు వేసి బాగుగా కుదిపి మూడు గంటలు కదల్చకుండ ఉంచుడి. ఇసుక మీద ఒండ్రు పొరగా పేరుకొనును. ఆ పొర ఇసుక ఎత్తులో నూటికి 8 వంతులకు మించినయెడల ఆ ఇసుకను కడుగవలెను, లేదా మార్చవలెను.

ఇటుకల సందులను అర అంగుళము లోతున గీకి, దుమ్ము దులిపి, గోడను ముందురోజు సాయంత్రము నీటితో తడుపవలెను. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చివేయును. అప్పుడు పూత బీటలిచ్చును. గుండు కట్టిన దారముతో గోడ నిలువు చూచి, అక్కడక్కడ మాలుతో చిన్న గుర్తు బిళ్లలు పెట్టుకొనుడి. వాటి మధ్య మాలును తాపీతో విసరి, పొడవైన బద్దతో చదును చేయవలెను. నీరు కలిపిన మాలును అరగంటలోపు వాడవలెను. గట్టిపడిన మాలులో మరల నీరు కలిపి వాడినయెడల బలముండదు. కాబట్టి ఒక్కసారి ఒక తట్టకంటె ఎక్కువ కలుపవద్దు. తడి సిమెంటు చర్మమును కాల్చును గనుక చేతికి రబ్బరు తొడుగులు వేసికొనుడి. స్లాబు అడుగుభాగమునకు పూత పూయుట మాత్రము మేస్త్రికే విడిచిపెట్టుడి; అది గోడలకంటె ముందే ముగియవలెను.

మరునాటినుండి ఏడు రోజులు గోడలను తడుపుచుండవలెను. అనేక ఇండ్లలో పూత చెడునది ఇక్కడనే. మేస్త్రి పూసి వెళ్లిపోవును, తడుపువాడు ఉండడు. మన పని మనమే చేసికొనునప్పుడు ఉన్న మేలు ఇదియే: ఉదయము ఒకరు, సాయంత్రము ఒకరు బిందె పట్టుకొనుటకు ఇంటివారు ఉందురు.

నేల

మట్టి నేలను దిమ్మిసతో గట్టిగా కొట్టి, రాళ్లు పరచి, సందులు ఇసుకతో నింపి మరల కొట్టవలెను. దాని మీద నాలుగు అంగుళాల కాంక్రీటు వేసినయెడల కారు బరువు మోయును. ట్రాక్టరు నిలుపువారు మందము ఎంత ఉండవలెనో, ఇనుప చువ్వలు కావలెనో లేదో మేస్త్రిని అడిగి తెలిసికొనుడి. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు 20 మిల్లీమీటర్ల కంకర చొప్పున మన 160 చదరపు అడుగుల నేలకు సుమారు పది బస్తాల సిమెంటు, 25 ఘనపుటడుగుల ఇసుక, 50 ఘనపుటడుగుల కంకర కావలెను. తలుపు వైపునకు వాలు ఉండవలెను: పది అడుగులకు రెండు అంగుళములు. 16 అడుగుల షెడ్డుకు మూడు అంగుళములకు కొంచెము పైగా వచ్చును. అప్పుడు కడిగిన నీరు దానంతటదే బయటికి పోవును.

నేలనంతటిని ఒకేసారి పోయక ఆరు గళ్లుగా విభజించి, మొదట మూడు గళ్లు, అవి గట్టిపడిన తరువాత మధ్యలోని మూడు గళ్లు పోయుట మంచిది. ఆలాగు చేసినయెడల బీటలు తగ్గును, ఇద్దరు ముగ్గురు మనుషులతోనే పని సాగును. పోసిన మరునాడు చుట్టు మట్టి గట్లు కట్టి పది రోజులు నీరు నిలుపుడి. కాంక్రీటు తన పూర్తి బలమునకు దగ్గరగా వచ్చుటకు 28 రోజులు పట్టును. అంతవరకు బరువు బండిని ఎక్కించకుండుడి.

సున్నము

క్రిస్మసుకు ముందు మన ఇండ్లకు సున్నము వేయుట మనకు క్రొత్త కాదు. షెడ్డు గోడలకు కూడ సున్నమే తగినది. గోడలోని తడిని అది బయటికి పోనిచ్చును, గదికి వెలుగు నిచ్చును. సున్నము తడుపునప్పుడు నీటిలో సున్నమును కొంచెము కొంచెముగా వేయవలెను గాని సున్నము మీద నీరు గుమ్మరించరాదు. అది ఉడికి పైకి చిమ్మును. రెండు రోజులు నాననిచ్చి, బట్టతో వడకట్టి, బంక కలిపి, పలుచగా మూడు పూతలు వేయుడి. కంటిలో పడినయెడల నలుపక, మంచినీటి ధారతో కనీసము పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. సున్నము తడుపు చోటికి పిల్లలను రానీయకుడి.

మందుల అర

ఇక చివరి పని, అన్నిటికంటె ముఖ్యమైన పని. పురుగుల మందు షెడ్డులో ఉండక తప్పనియెడల దాని కొరకు గోడకు ఇనుప పెట్టె బిగించి తాళము వేయవలెను. తాళపు చెవి పెద్దవారి యొద్ద ఉండవలెను. డబ్బా మీద ముక్కోణపు గుర్తు చూడుడి: ఎరుపు అన్నిటికంటె ప్రమాదకరము, తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగా తక్కువవి. ఆకుపచ్చ గుర్తున్నను అది మందే. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి దాచుట ఎన్నడును చేయకుడి. దాహముతో వచ్చిన బిడ్డ సీసాను చూచును గాని లోపలిదేమో ఎరుగదు. ఒకవేళ ఎవరైన మ్రింగినయెడల ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించుటకు ప్రయత్నించక, 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన 108 కు ఫోను చేసి, మందు డబ్బాను కూడ ఆసుపత్రికి తీసికొని వెళ్లుడి.

మరియొక మాట చెప్పక తప్పదు. పంట పోయి, అప్పు మిగిలి, మనస్సు విరిగిన ఘడియలో మన పల్లెలలో చేతికి ముందుగా అందునది ఈ డబ్బాయే. తాళము బిడ్డను కాపాడును గాని దుఃఖములో ఉన్న పెద్దవానిని ఆపుటకు తాళము ఒక్కటే చాలదు. శ్రీలంక గ్రామములలో వేలాది ఇండ్లకు తాళపు పెట్టెలు ఇచ్చి చూచిన ఒక పెద్ద పరిశోధన ఫలితములు 2017లో వెలువడినవి. పెట్టెల వలన అట్టి ప్రయత్నములు తగ్గినట్లు కనబడలేదు. కాబట్టి ఆ వారమునకు కావలసినంత మందు మాత్రమే కొనుడి, ఇంట నిలువ ఉంచకుడి. ఇంటిలో ఎవరైన మౌనముగా, దిగులుగా ఉన్నట్లు కనబడినయెడల మందును ఆ రోజే ఇల్లు దాటించి, వారి ప్రక్కన కూర్చుండి మాట్లాడుడి. 2022లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ అను సేవకు 14416 నంబరు కలదు. ఖర్చు లేకుండ తెలుగులోనే మాట్లాడవచ్చును. ఆ నంబరును సున్నము ఆరిన గోడ మీద పెద్ద అక్షరములతో వ్రాసియుంచుడి.

పని ముగిసిన దినమున దానిని పరీక్షించుటకు మేస్త్రి అక్కరలేదు. ఐదేండ్ల బిడ్డ ఒంటరిగా ఆ షెడ్డులోనికి పోయి ఒక గంట ఆడుకొనినను ఏ తీగయు, ఏ సీసాయు, ఏ పొగయు ఆ బిడ్డకు హాని చేయదు అని మనము ధైర్యముగా చెప్పగలమా? చెప్పగలిగినయెడల లోపలి పని ముగిసినట్లే. లేనియెడల గోడలు ఎంత తెల్లగా ఉన్నను ఇంకను కొంత పని మిగిలియున్నది.