కర్త లేని రిపేరు

ఇంట్లో లాప్‌టాప్ కెమెరా పనిచేయడం మానేస్తే, అది ఎన్నాళ్లలో బాగవుతుందనేది కెమెరాను బట్టి ఉండదండీ. లాప్‌టాప్ ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆయనదైతే ఆ సాయంత్రమే. పిల్లలదైతే మర్నాడు. మనదైతే "చూద్దాంలే".

ఈ "చూద్దాంలే" సంగతి కాస్త తేల్చుకోవాలి. బి.ఏ. తెలుగు చదివినదాన్ని కాబట్టి వాక్యం కనపడితే కర్త ఎవరా అని వెతకడం నాకు అలవాటు. వ్యాకరణం ప్రకారం "చూద్దాం" అంటే చెప్పేవాళ్లూ వినేవాళ్లూ కలిసి చూడాలి. ఇళ్లలో మాత్రం ఇద్దరిలో ఎవరూ చూడరు. కర్త ఉండడు, క్రియ జరగదు, కర్మ మాత్రం మనది!

మా ఇంటి సంగతే చెబుతాను. ఒకే నెలలో మా అబ్బాయి లాప్‌టాప్‌లోనూ నా దాంట్లోనూ కెమెరా ఆగిపోయింది. వాడికి ఇంటర్వ్యూ ఉందని మావారు ఆఫీసు నుంచి వస్తూనే కూర్చుని రాత్రి పదింటికల్లా బాగుచేశారు. నా దానికి నలభై రోజులు పట్టింది. శని, ఆదివారాలు డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలి పిల్లలిద్దరికి నేను తెలుగు నేర్పుతాను. "ళ" పలకడానికి నాలుక ఎటు మడవాలో మాటల్లో చెప్తే ఆరేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది? నోరు కనపడాలి. "అ" ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో చెయ్యి కనపడాలి. ఆ నలభై రోజులూ నేను వాళ్లకు మాట్లాడే నల్లటి గడిని. మూడో వారానికి చిన్నది "పెద్దమ్మా, నువ్వు కనపడ్డాక వస్తాలే" అని వెళ్లిపోయింది. ఇంటర్వ్యూ పోతే మరొకటి వస్తుంది. అక్షరాల మీద ఇష్టం పోయిన పిల్లను మళ్లీ కూర్చోబెట్టడం ఎంత కష్టమో పలక పట్టించిన ఏ తల్లినైనా అడగండి.

"ఫోనుంది కదా" అంటారు. ఉంది. దాన్ని పచ్చడి జాడీకి ఆనించి నిలబెట్టాలి. మధ్యలో గ్యాస్ అబ్బాయి ఫోన్ చేస్తాడు. ఆ చిన్న తెర మీద పిల్ల రాసింది కళ్లజోడు పెట్టుకున్నా కనపడదు. అబ్బాయి ఇంటర్వ్యూకి మాత్రం "ఫోనుంది కదా" అని ఎవరూ అనలేదు.

ఇంతకన్నా నాకు కోపం తెప్పించే మాట మన నోటినుంచే వస్తుంది. "నాకవన్నీ రావండీ." కొందరైతే అదేదో సుగుణంలా చెప్పుకుంటారు. కుక్కర్లోంచి ఆవిరి పోతుంటే గ్యాస్కెట్టా వెయిటా అని చప్పుడు బట్టి చెప్పగలిగినవాళ్లం. మిక్సీ ఆగితే అడుగున ఎర్ర బొత్తాం నొక్కి చూసేవాళ్లం. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు ఎప్పుడు పోయాలో ఇంట్లో మనకొక్కరికే తెలుసు. పప్పు ఉడకలేదని కుక్కర్ మార్చేస్తామా? తేలికైన కారణం ముందు, కష్టమైనది తర్వాత చూస్తాం. లాప్‌టాప్ కెమెరాకూ అదే వరస.

మొదట తెర పైఅంచున కెమెరా పక్కన చూడండి. చాలా మోడళ్లలో పక్కకు జరిపే సన్నని మూత ఉంటుంది. తుడుస్తుంటే జరిగిపోతుంది. కొన్నింటిలో కీబోర్డు మీదే కెమెరా ఆపే మీట ఉంటుంది. దాని మీద గీత కొట్టిన కెమెరా బొమ్మ ఉంటుంది. ఇవి చూడకుండా మిగతావన్నీ చూడటం చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమే.

తర్వాత అనుమతులు. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో కెమెరా అన్నచోటికి వెళ్లండి. అక్కడి మీటలన్నీ ఆన్‌లో ఉండాలి. చివర్న డెస్క్‌టాప్ యాప్స్‌కు వేరే మీట ఉంటుంది, అదీ చూడాలి. బ్రౌజర్లో మాట్లాడేవాళ్లయితే అడ్రసు పక్కన ఉన్న చిన్న గుర్తు నొక్కి, ఆ సైటుకు కెమెరా అనుమతి ఉందో లేదో చూడండి. ఒక యాప్ కెమెరా పట్టుకుని కూర్చుంటే రెండోదానికి దొరక్కపోవచ్చు. కాబట్టి అన్నీ మూసి, విండోస్‌లోనే ఉండే కెమెరా యాప్ ఒక్కటే తెరవండి. అందులో మీ ముఖం కనపడితే కెమెరాకు ఏ రోగమూ లేదు, తగాదా ఆ రెండో యాప్‌తోనే.

అప్పటికీ రాకపోతే స్టార్ట్ బొత్తాం మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పేరు చూసి భయపడకండి, అది ఇంట్లో సామాన్ల పట్టీ లాంటిది. కెమెరాస్ కింద మీ కెమెరా పేరు మీద కిందికి బాణం గుర్తుంటే దాన్ని ఎవరో ఆపేశారని అర్థం, ఎనేబుల్ నొక్కాలి. బాణం లేకపోతే డ్రైవర్ పాడై ఉండొచ్చు. డ్రైవర్ అంటే కెమెరాకూ విండోస్‌కూ మధ్య దుబాసీ. నా దాంట్లో ఒక అప్‌డేట్ తర్వాత ఈ దుబాసీయే మూగబోయాడు. అన్‌ఇన్‌స్టాల్ డివైస్ నొక్కి, డ్రైవర్‌ను కూడా తీసేయాలా అని అడిగే గడిలో టిక్ పెట్టకుండా తీసేసి, రీస్టార్ట్ చేశాను. విండోస్ దాన్ని మళ్లీ తనే కనిపెట్టి పెట్టుకుంది. ఇరవై నిమిషాలు! దీనికి ఒక షాపులో లాప్‌టాప్ విప్పి చూడకుండానే "మదర్‌బోర్డు పోయింది మేడమ్, కొత్తది తీసుకోండి" అన్నారు.

ఇవన్నీ చేశాక కూడా డివైస్ మేనేజర్లో కెమెరా పేరే లేకపోతే, అప్పుడు షాపుకెళ్లాలి. కెమెరా వైరు తెర మడత దగ్గరనుంచే లోపలికి వెళ్తుంది. తెరిచి మూసి, తెరిచి మూసి అది వదులవ్వొచ్చు, నలిగిపోవచ్చు. అది విప్పి చూడాల్సిన పని. కానీ అప్పుడు "ఏమైందో తెలీదండీ" అనరు మీరు, "డివైస్ మేనేజర్లో కనపడట్లేదు, వైరు చూడండి" అంటారు. ఆ ఒక్క వాక్యంతో మాట్లాడే తీరే మారిపోతుంది. చేసే ముందు ఖర్చు కాగితం మీద రాయించుకోండి. మన దేశంలో 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది వినియోగదారుల వ్యవహారాల శాఖ. అన్యాయం జరిగిందనుకుంటే 1915కి ఫోన్ చేయొచ్చు. వైరుకు ఖర్చెక్కువైతే యూఎస్‌బీకి గుచ్చుకునే విడి కెమెరా కొనుక్కోవచ్చు. కెమెరా కోసం లాప్‌టాప్ మార్చనక్కర్లేదు.

"పాడైతే మంచిదేలే, ఎవరైనా చూస్తారన్న భయం ఉండదు" అనే పెద్దమనుషులూ ఉన్నారు. 2016లో ఫేస్‌బుక్ జుకర్‌బర్గ్ పెట్టిన ఫొటోలో ఆయన లాప్‌టాప్ కెమెరాకు టేపు అంటించి ఉండటం లోకమంతా చూసింది. ఆ జాగ్రత్త మనకూ మంచిదే. కానీ తలుపు మనం వేసుకోవడం వేరు, తాళంచెవి లేక లోపల ఉండిపోవడం వేరు. కావాలన్నప్పుడు మూసి, కావాలన్నప్పుడు తెరవగలగాలి.

అసలు వెబ్‌కెమెరా పుట్టిందే కాఫీ కోసం, తెలుసా? 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబులో, వేరే గదిలో ఉన్న కాఫీ కెటిల్‌లో కాఫీ మిగిలిందో లేదో లేచి వెళ్లకుండా చూసుకోవడానికి కెమెరా పెట్టారు. దాన్ని పెద్ద చదువుల వాళ్ల తెలివి అని చరిత్రలో రాసుకున్నారు. కాఫీ అయిపోయిందా అన్నంత చిన్న ప్రశ్నకు కెమెరా పెట్టొచ్చు కానీ, పిల్లకు "ళ" నేర్పే పెద్దమ్మ కెమెరాకు నలభై రోజులు ఆగాలా?

ఆగొద్దు. మీ అమ్మాయికి కుక్కర్ గ్యాస్కెట్ మార్చడం నేర్పిన రోజునే డివైస్ మేనేజర్ కూడా చూపించండి. అబ్బాయికి రెండూ నేర్పండి. ఈసారి ఇంట్లో ఎవరైనా "చూద్దాంలే" అంటే, "నేను చూస్తాను" అనండి. ఆ వాక్యానికి కర్త ఉంది.