డాక్టరు చీటీ: ముక్కలు చేసిన క్లాసు

మన పిల్లల్లో పైథాన్ నేర్చుకుంటున్నవారు చాలామంది ఉన్నారు గనుక, ఈ నెల పథ్యాల సంగతి పక్కనపెట్టి ఆ భాషలో మేము చేసిన పొరపాటు చెప్పుకుంటాం.

రోగుల వివరాల కోసం తీరిక వేళల్లో మేమే ఒక ప్రోగ్రాము రాసుకున్నాం. బరువు, మందు మోతాదు, బిల్లు అన్నీ ‘రోగి’ అనే ఒక్క క్లాసులోనే. అది పెరిగి 1,400 పంక్తులైంది. ఒక ఆదివారం కూర్చుని మూడు ఫైళ్లుగా కోశాం. ఒక్కో ఫైలులో ఒక చిన్న క్లాసు. ‘రోగి’ ఆ మూడింటికీ వారసుడు. దీన్ని మిక్సిన్ పద్ధతి అంటారు. చూడ ముచ్చటగా ఉంది!

మర్నాడు ఒక పాపకు జ్వరం. ఈ యాంగాన్‌లో కూరగాయలు మన వీశెకు చుట్టమైన విస్సుల్లో, మనుషులు పౌన్లలో తూగుతారు కదా. పాప 44 పౌన్లు, అంటే 20 కిలోలు. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 300 రావాలి. తెర మీద 660 అని వచ్చింది! చేత్తో లెక్క కట్టే పాత అలవాటే గండం గట్టెక్కించింది.

కారణం వెతికాం. ఒకే ఫైలుగా ఉన్నప్పుడు పేర్లు వేరువేరు. విడదీశాక, ఎలాగూ వేరే ఫైలే కదా అని రెండు చోట్ల ‘బరువు’ అనే పొట్టి పేరు పెట్టాం. ఎదుగుదల ఫైలులో అది పౌన్లు, మందుల ఫైలులో కిలోలు. పైథాన్ తగవు పెట్టదు. వారసత్వపు వరసలో ముందు కనిపించినదాన్ని తీసుకుని ఊరుకుంటుంది. ఫైళ్లు మూడైనా కాపురం ఒక్కటే!

ఇప్పుడు మోతాదు విడి ఫైలులో విడి ఫంక్షన్. దానికి రోగి చరిత్రంతా అక్కర్లేదు, ‘బరువు_కిలోలు’ అందిస్తే చాలు. బిల్లు వేరే క్లాసు. రోగి దానికి పని అప్పజెబుతాడు. ఈ ఫైళ్లు తిరిగి రోగి ఫైలును ఇంపోర్ట్ చేసుకోకుండా చూశాం. అలా చేస్తే ఒకటి సగం చదివి ఉండగానే రెండోది దాన్ని అడిగి, ప్రోగ్రాము ఆగిపోవచ్చు.

పొడుగు ఒక్కటే జబ్బు కాదు. పాండాస్ లైబ్రరీలో డేటాఫ్రేమ్ క్లాసున్న ఫైలు 10,000 పంక్తులు దాటింది. దాన్ని లోకమంతా వాడుతోంది. కనుక మీ అమ్మాయో అబ్బాయో పెద్ద క్లాసును కోయబోతే, ఎన్ని ఫైళ్లని కాదు, ఏ పనికి ఏ సంగతి తెలిస్తే చాలో ముందు చూసుకోమనండి. మోతాదు మాత్రం మేము ఇప్పటికీ చేత్తో ఇంకోసారి లెక్క కడుతున్నాం.