చూసిన గెలుపు – ఆడిన ఆట

2022 మార్చి 20 రాత్రి గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. హాస్టల్లో ఒక్క ఫోన్ చుట్టూ మూగిన మేము అన్నం కంచాలు వాయించి గెంతులేశాం. గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన మూడు బంతులూ మేమే ఆపినంత గర్వపడ్డాం.

2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. సంబరం తప్పని మేమనం. కానీ చూసిన గెలుపు ఊరు దాటిపోతుంది, ఆడిన ఆట ఒంట్లో మిగులుతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన ఆమదాలవలస బిడ్డే కదా!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మేము సిగ్గుపడి వార్డెన్ గారిని ఏనాడూ బంతి అడగలేదు. మీరు అడగండి. చదువుతోపాటు ఆట కూడా మన హక్కే.