చేతితొడుగు వెనుక నున్న అప్పు



వైద్యశాలకు పోయినవారెల్లరు నర్సుల చేతి రబ్బరు తొడుగులను చూచియే యుందురు. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు లోకము వాడిన తొడుగులలో సగమునకు పైగా మన మలేషియా ఫ్యాక్టరీలనుండి వెళ్లినవే. మన పెద్దలు తోటలలో చెట్లు గీసి తీసిన పాలతో మొదలైన పరిశ్రమ యిది. ఇప్పుడు కృత్రిమ రబ్బరును కూడ విస్తారముగా వాడుచున్నారు.

చేయి ఆకారముగల పింగాణీ అచ్చులు గొలుసునకు వ్రేలాడుచు, రబ్బరు ద్రవములో మునిగి, కొలిమివంటి వేడిలో ఆరుచు సాగుచుండును. అచ్చట పనిచేయువారిలో ననేకులు నేపాళ, బంగ్లాదేశములవారు. ఈ పని దొరకుటకే వారిలో పలువురు స్వదేశమున దళారులకు పెద్ద మొత్తము లిచ్చుకొని, వడ్డీకి అప్పుతెచ్చి, విమాన మెక్కిరి. అప్పు తీరనిదే కదలుట కెవనికి ధైర్యము చాలును? ఓడఖర్చు జీతమునుండి విరుగగోసిన ఒప్పందకూలీ పద్ధతి మలయాలో 1910లో ఆగెను. ఆ కథ వినిన యిండ్లలో పుట్టిన మనకు ఈ అప్పు క్రొత్తది కాదు.

2020 జూలైలో అమెరికా సుంకముల శాఖవారు, అప్పుచే కట్టివేయుట మొదలగు బలవంతపు చాకిరి గుర్తులు కనబడినవని, టాప్ గ్లోవ్ కంపెనీకి చెందిన రెండు సంస్థల సరకును నిలిపివేసిరి. ఆ నవంబరులో క్లాంగు ప్రాంతపు ఫ్యాక్టరీ పనివారిలో వేలమందికి కరోనా సోకెను. లోకమును కాపాడు తొడుగులు చేసినవారి పడకలు క్రిక్కిరిసి యుండెను! తుదకు కంపెనీవారు దళారుల రుసుము క్రింద 13 కోట్ల రింగిట్లకు మించి పనివారికి తిరిగి చెల్లించిరి. 2021 సెప్టెంబరులో నిషేధము తొలగెను. ఆ సంవత్సరపు లాభము 700 కోట్ల రింగిట్లు దాటినది. కావున లోపము ధనమునందు లేదు.

పని కుదుర్చు సంస్థలు పనివానియొద్ద రుసుము గొనరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే ఒడంబడిక చేసినది. పరదేశమువాడు సరకు నాపువరకు మనలో పలువురికి అది తోచలేదు. అమెరికా మనపై పెత్తనము చేయుచున్నదని నొచ్చుకొన్నవారు కొందరు గలరు. ఫ్యాక్టరీ ప్రక్కనే కాపురముండియు మనమేల అడుగలేదని నాకు నొప్పి. కొనువారును నిర్దోషులు కారు. అందరికంటె తక్కువ ధర పలికినవానికే ఆర్డరిచ్చు ఆసుపత్రి, ఆ తగ్గింపు ఎవని జీతమునుండి వచ్చెనో విచారింపవలదా?

మొన్న దవాఖానాలో ఒక పెట్టెను త్రిప్పి చూచితిని. కొలత యున్నది, లెక్క యున్నది, గడువు తేదీ యున్నది. చేసినవాని అప్పు తీరెనో లేదో దానిపై వ్రాయలేదు.