బాప్తిస్మం తర్వాతే అసలు పరీక్ష

చంద్లాపూర్ లాంటి పల్లెటూళ్లో ఎవరు ఏ ప్రార్థనకు పోతారో అందరికీ తెలుసు. కూలి డబ్బులు ఎవరు పొద్దుగూకకముందే చేతిలో పెడతారో, గెట్టు పంచాయితీలో ఎవరు అబద్ధపు సాక్ష్యం చెప్పరో కూడా అంతే బాగా తెలుసు. ఈ రెండో లెక్కలో నిలబడని భక్తిని ఊరు నమ్మదు, నమ్మనక్కర్లేదు కూడా. క్రైస్తవ విశ్వాసం తల్లిదండ్రుల నుంచి ఆస్తిలా సంక్రమించేది కాదని, ప్రతి మనిషీ తానుగా ఎంచుకుని రోజువారీ నడతలో నిలబెట్టుకోవలసిందని నా వాదన.

తెలుగు క్రైస్తవుల చరిత్రే ఇందుకు రుజువు. ఒంగోలు ప్రాంతానికి చెందిన యెర్రగుంట్ల పేరయ్య, నాగమ్మ దంపతులు 1866లో బాప్తిస్మం పొందారు. వారి దారిలో వచ్చిన మాదిగ కుటుంబాలకు సంఘం పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. వినడానికి చిన్నవే. కానీ జాతరలో డప్పు కొట్టడం, పిలిచిన రోజున పనికి రావడం ఊరు వారి నెత్తిన పెట్టిన విధులు. వాటిని కాదనడమంటే ఊరి పెద్దలకు ఎదురు తిరగడమే. ఆ కష్టానికి తెగించినవారే ఆ మాట మీద నిలిచారు.

వాళ్లంతా తిండి కోసం మారినవాళ్లే కదా అనే వాదన పాతదే. 1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఎందరికో కూలి ఇప్పించిన మాట నిజం. అయితే ఆ సాయం నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. అది ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆకలి, అవమానం కొందరిని సంఘం గడప దాకా తెచ్చి ఉండవచ్చు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. దేశంలోని సామూహిక మతమార్పిడులను పరిశీలించి 1933లో పుస్తకం వెలువరించిన వాస్కం పికెట్, వచ్చిన కారణం కంటే వచ్చాక అందిన బోధ, పెంపకమే వారి జీవితాలను ఎక్కువగా తీర్చిదిద్దాయని తేల్చారు.

రక్షణ కృపవల్లే అయితే ఇక మన నడతతో పనేముందని విశ్వాసులే అడుగుతారు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు కృప గురించి చెప్పి, ఆ వెంటనే సత్క్రియల ఊసెత్తాడు. కృప అందినవాడి జీవితం మారకుండా ఉండదని ఆయన ఉద్దేశం. గలతీ పత్రికలో ఆయన చెప్పిన ప్రేమ, దీర్ఘశాంతం, ఆశానిగ్రహం మైకుల్లో వినపడేవి కావు. అవి ఇంట్లో, పొలంలో, అప్పు ఇచ్చిపుచ్చుకునే చోట కనపడాలి.

ఈ కొలతతో చూస్తే నేటి సంఘాలు జవాబు చెప్పుకోవలసింది చాలా ఉంది. ఆరాధనలో పెళ్లి ప్రకటన చదివి అభ్యంతరాలుంటే చెప్పమంటారు. ఆ పెళ్లిలో చేతులు మారిన కట్నం గురించి మాత్రం ఎవరూ అడగరు. ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనం తీసుకున్నవారే సంబంధాల దగ్గరికి వచ్చేసరికి కులం వెతుకుతారు. పేరయ్య తరం వెలికి వెరవకుండా తన బతుకు మార్చుకుంది. వారి వారసులమని చెప్పుకునే మనం కట్నాన్ని, కులాన్ని కాదనగలిగితేనే మన విశ్వాసం మనం ఎంచుకున్నది అవుతుంది.