మూడో రోజు చూసిన మెసేజి

మా వాట్సాప్ గ్రూపు 2020 మార్చిలో మొదలైంది. కరోనా వల్ల దుబాయ్‌లో చర్చిలు, మసీదులు, గుడులు అన్నీ మూసిన రోజులవి. సోనాపూర్, అల్ కూజ్, జబల్ అలీ క్యాంపుల్లో ఉన్న తెలుగు కతోలికులం పదిహేను మందిమి ఫోనులోనే పూజ చూసుకుని, రాత్రి జపమాల చెప్పుకునేవాళ్ళం. చర్చిలు తెరిచాక కూడా గ్రూపు ఉండిపోయింది. పదిహేను మందిమి కాస్తా నూట ఎనభై అయ్యాం.

పెరిగితే మంచిదే అనుకున్నాం. తెల్లారితే గుడ్ మార్నింగ్ బొమ్మలు. ‘పది మందికి పంపకపోతే కీడు’ అనే మెసేజీలు. అది విశ్వాసం కాదు, మూఢనమ్మకమని ఏ ఫాదర్‌గారిని అడిగినా చెబుతారు. అయినా పంపేవాళ్ళం! ఒకరిది చీటీపాట, ఇంకొకరిది వీసా ఏజెంటు నంబరు. ఒకాయనైతే వేరే మతం వాళ్ళ దేవుణ్ణి వెక్కిరించే వీడియో పెట్టాడు. మతాన్ని కించపరిస్తే ఈ దేశంలో నేరం, 2015లోనే దానికి చట్టం తెచ్చారు. చట్టం సంగతి అటుంచండి, డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తే మనకు అన్నం దాచిపెట్టేది పై మంచం మీది ఆ మతం తమ్ముడే కదా.

నిరుడు వేసవిలో అల్ కూజ్‌లో ఉండే ఒక అన్న రాత్రి పదకొండింటికి ‘జ్వరం తగ్గడం లేదు, ఎవరైనా వస్తారా’ అని రాశాడు. గదిలో మిగతావాళ్ళు వేరే సైటుకు వెళ్ళారు. తెల్లారేసరికి ఆ మాట మీద అరవై బొమ్మలు పడ్డాయి. మేము చూసింది మూడో రోజు. అప్పటికే క్యాంపు వాచ్‌మన్, పెషావర్ ఆయన, ఆస్పత్రిలో చేర్పించాడు. మేము వెళ్ళి మంచం పక్కన నిలబడితే అన్న తిట్టలేదు. “మీరంతా నాకోసం ప్రార్థన చేస్తున్నారనుకున్నా” అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ వారమే గ్రూపును విడదీశాం. క్యాంపుకొకటి, ఇరవై మందికి మించకుండా. ఫార్వర్డులు వద్దు. డబ్బు వసూలు అసలు వద్దు, అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం ఇక్కడ నేరం, 2021 చట్టం ఉంది. ఎవరికైనా కష్టమొస్తే చర్చిలో చెబుతాం. రాత్రి తొమ్మిదికి ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు వాయిస్ మెసేజిలో వస్తాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకునే వినాలి, గదిలో నైట్ షిఫ్టు వాళ్ళు పడుకుని ఉంటారు. జపానికి ముందు ప్రతివాళ్ళూ ‘ఉన్నా’ అని రాయాలి. రాయని వాళ్ళ గదికి ఎవరో ఒకరు వెళ్ళి తలుపు కొట్టాలి. “ఇది ప్రార్థనా, సైటు హాజరా?” అని ఒక పెద్దాయన నవ్వాడు. రెండూనండీ అన్నాం.

ఫోనులో పూజ చూశాం, ఇక చర్చికెందుకు అనే తమ్ముళ్ళూ ఉన్నారు. ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు ఉండవని వాటికన్ 2002లోనే ఒక పత్రంలో స్పష్టంగా రాసింది. పాపసంకీర్తనమైనా, సత్ప్రసాదమైనా మనిషి వెళ్ళాల్సిందే. 2025 సెప్టెంబరులో పునీతుడైన కార్లో అకుటిస్ ఫోటోను చాలామంది డీపీగా పెట్టుకున్నారు, కంప్యూటర్ కుర్రాడని. పదిహేనేళ్ళకే 2006లో చనిపోయిన ఆ కుర్రాడు సత్ప్రసాద అద్భుతాల మీద వెబ్‌సైటు చేశాడు, నిజమే. రోజూ పూజకు కూడా వెళ్ళేవాడు. అందుకే ఎవరికి ఏ రోజు సెలవో ముందే గ్రూపులో రాసుకుంటున్నాం. జబల్ అలీ వాళ్ళు సెయింట్ ఫ్రాన్సిస్‌కు, మిగతావాళ్ళు ఊద్ మేథాలోని సెయింట్ మేరీస్‌కు జతగా బస్సెక్కుతారు. దారి తెలియని కొత్తవాడు ఒంటరిగా గదిలో ఉండిపోడు.

జ్వరం వచ్చిన ఆ అన్నే ఇప్పుడు అల్ కూజ్‌లో హాజరు చూస్తున్నాడు. మొన్న ఒక తమ్ముడు ‘ఉన్నా’ అని రాయలేదని రాత్రి పదింటికి మూడంతస్తులు ఎక్కాడు. తీరా చూస్తే వాడు ఫోను ఛార్జింగుకు పెట్టి హాయిగా నిద్రపోతున్నాడు. లేపి, నాలుగు తిట్టి, మళ్ళీ పడుకోమని వచ్చాడట.