ఇంటర్వెల్‌లో ఇంటికి ఫోను

2023లో 'దసరా' విడుదలైనప్పుడు మా గోదావరిఖనిలో హడావుడి చూడాలి! బొగ్గు మసితో నాని తెరమీద కనిపించగానే హాలంతా ఈలలే. మన సింగరేణి, మన యాస... ఎవరికి మాత్రం సంతోషం ఉండదు చెప్పండి? అన్ని ఈలల మధ్య ఒక్క మనిషి మాత్రం తెర వదిలేసి చేతిలోని ఫోను చూస్తూ కూర్చున్నాడు. ఆ ప్రబుద్ధుడు మరెవరో కాదు, ఈ శీర్షిక రాస్తున్న నేనే!

నాన్న అన్నం తిన్నాడా? బాత్‌రూములో జారిపడలేదు కదా? తమ్ముడి బండి బ్రేకులు సరిగ్గా ఉన్నాయా? పొద్దున పంపిన వ్యాసం ఎడిటరుగారికి నచ్చిందా? నచ్చకపోతే వచ్చే నెల అద్దె ఎట్లా? ఒకదాని తోక పట్టుకుని మరొకటి. ఇంటర్వెల్ కాగానే అందరూ సమోసాల దగ్గరికి పరిగెత్తితే నేను వరండా మూలకు పరిగెత్తి ఇంటికి ఫోను చేశాను.

"ఏమాయె బిడ్డా?" అంది అమ్మ కంగారుగా.

ఏమీ కాలేదు. అసలు బాధే అది! అంతా బాగానే ఉందని విన్నాక అయిదు నిమిషాలు హాయి. ఆరో నిమిషంలో కథ మళ్ళీ మొదటికే.

బొగ్గుబాయి ఇళ్ళల్లో భయం కొత్తేమీ కాదు. 2003 జూన్‌లో మా గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఎ గనిలో రూఫు కూలి మరో 10 మంది. అప్పుడు నాకు పదమూడేళ్ళు. మా నాన్న పనిచేసింది వేరే గనిలోనే అయినా, ఆ ఏడాదంతా షిఫ్టు దిగే వేళకు అమ్మ గుమ్మంలోనే నిలబడేది. అది అర్థమున్న భయం. నాన్న నల్లటి మొహంతో సందు మలుపు తిరగ్గానే ఆ భయం పోయేది. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళేది.

నా సంగతి వేరు. నాన్న రిటైరై ఇంట్లో టీవీ ముందు కూర్చున్నా నా షిఫ్టు దిగదు!

దీనికి డాక్టర్లు పెట్టిన పేరు జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్. 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో ఇది విడిగా ఓ జబ్బుగా చేరింది. ఆరు నెలలకు పైగా, ఎక్కువ రోజులు, రకరకాల విషయాల మీద అదుపు లేని దిగులు. దానికి తోడు స్థిమితం లేకపోవడం, ఊరికే అలసిపోవడం, మనసు నిలవకపోవడం, చిరాకు, మెడా భుజాలూ బిగుసుకుపోవడం, నిద్ర పట్టకపోవడం... వీటిలో కనీసం మూడు. పని మీదా, బతుకు మీదా దెబ్బ పడుతుంటే అప్పుడు దాన్ని జబ్బు అంటారు. పరీక్షకు ముందు రాత్రి గుండె దడదడలాడితే అది జబ్బు కాదు సుమా!

మన సినిమాలు చూసి నేను మోసపోయాను. 2005లో వచ్చిన 'చంద్రముఖి', 'అపరిచితుడు' చూసి, మనసుకు జబ్బు చేస్తే జుట్టు విరబోసుకోవాలనీ, గొంతు మారిపోవాలనీ అనుకున్నాను. 2017లో 'మహానుభావుడు' అతిశుభ్రత జబ్బు మీద మనల్ని కడుపుబ్బ నవ్వించింది. నాకేమో జుట్టు చక్కగానే ఉంది, గొంతు మారలేదు. అందుకే కడుపులో మంట అంటూ ఒకచోట, గుండె దడ అంటూ ఇంకోచోట తిరిగాను. ఈసీజీ బాగుంది, థైరాయిడ్ పరీక్ష బాగుంది. చివరికి ఒక డాక్టరుగారు, "నిద్ర ఎట్లా ఉంది? దేని గురించి ఆలోచిస్తావ్?" అని అడిగారు. అడిగిందే తడవు, నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఈ జబ్బుకు వైద్యం ఉంది. ఆలోచనల తీరు మార్చే కౌన్సెలింగు ఒకటి, అవసరమైతే మందులు. ఆ మందులు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో సొంతంగా మానకూడదు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మింగడం మరీ ప్రమాదం, కొన్ని అలవాటై కూర్చుంటాయి. మందుకొట్టి పడుకుంటే ఆ రాత్రి గడుస్తుందేమో గానీ తెల్లారేసరికి దిగులు రెట్టింపు. రోజుకు ఎనిమిది టీలు తాగే నేను రెండుకు దిగాను. సాయంత్రం ఇరవై నిమిషాలు దిగులుకే కేటాయించి అన్నీ కాగితం మీద రాస్తాను. చేయగలిగింది ఉంటే మర్నాటి పనుల్లో చేరుతుంది. లేనిది ఆ కాగితం మీదే ఉండిపోతుంది.

అన్నిటికన్నా కష్టమైంది ఫోను మానడం. మాటిమాటికీ అడిగి తెలుసుకోవడమే ఈ దిగులుకు మేత అట! సంగతి నాన్నకు చెప్పాను, తిడతాడనుకుంటూనే. ఆయన కాసేపు ఆలోచించి ఇలా అన్నాడు.

"బాయిల రాడ్డుతోని రూఫు కొట్టి సప్పుడు ఇంటం. డొల్ల సప్పుడైతే సపోర్టు పెడ్తం. గట్టిగుంటే పని జేసుకుంటం. షిఫ్టంత పైకే సూసుకుంట నిలబడితే బొగ్గెవడు దీస్తడు బిడ్డా?"

ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా చదవలేదు నేను!

డిపెండెంట్ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ నిద్రపోని తమ్ముళ్ళూ, భర్త నైట్ షిఫ్టుకెళ్తే తెల్లవార్లూ కూర్చునే చెల్లెళ్ళూ! మీది పిరికితనం కాదు. ఆసుపత్రికి వెళ్ళి మానసిక వైద్యుల విభాగం ఎక్కడని ధైర్యంగా అడగండి. వెళ్ళడానికి మొహమాటమైతే టెలి మానస్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి.

మొన్న ఆదివారం సెకండ్ షోకి వెళ్ళాను. ఇంటర్వెల్‌లో చెయ్యి జేబులోకి పోయింది, నిజమే. బయటకు తీసి సమోసా కొన్నాను. సినిమా అయ్యాక ఇంటికెళ్తే నాన్న గురక పెడుతున్నాడు.

సినిమా ఎట్లా ఉందంటారా? చాలా కాలం తర్వాత, కథ చెప్పమంటే మొత్తం చెప్పగలను!